పిల్లిపెసరకు కావలి

తిరిగిన కాళ్లు ఊరుకోవు. అవి నన్ను సింహాల కావలివాళ్ల దగ్గరికీ, బంగారం కావలివాళ్ల దగ్గరికీ ఈడ్చుకుపోయాయి. వట్టి నేలకు కావలి కాసేవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. బావమరిది పిలిచే పిలుపే అందరికీ అంటుకుని, ఆయన జగమెరిగిన బావగారయ్యాడు.

గుట్ట వెనక, సర్కారు కంచె వేసిన రాతినేల అది. పిల్లిపెసర ఎవరూ చల్లకుండా అక్కడే పుడుతుంది. మన పెసరకు అడవిలో మిగిలిపోయిన చుట్టం. వానకు లేచి, నేలమీద పాకి, పచ్చగా పూసి, ఎండిన కాయ చిట్లగానే గింజలు విసిరి చస్తుంది. మిగతా కాలమంతా బావగారు కాసేది రాళ్లనే.

"గుడ్డిగుర్రానికి పళ్లు తోమే ఉద్యోగం," అనేది భార్య. అయినా అది పోతే ఉంటున్న క్వార్టరూ పోతుంది.

గేటుకు రెండు పలకలుండేవి. పైదాని మీద 'పిల్లి', కిందిదాని మీద 'పెసర'. గాలికి కిందిది ఊడితే ఆవిడ నీళ్లతొట్టికి మూత వేసుకుంది. సరిగ్గా ఆ ఎండల్లో కొత్త ఆఫీసరు దిగి, గేటుమీద మిగిలిన పలక చదివాడు.

"ఏదయ్యా పిల్లి?"

"చచ్చిపోయింది సార్."

"చచ్చిపోయిందా! నువ్వేం చేస్తున్నావు?"

"ఏటా చస్తుంది సార్. వానలకు మళ్లీ లేస్తుంది. అది పెసర..."

"తిండి గొడవ తర్వాత! రేపు పిల్లి కనబడకపోతే నువ్వూ కనబడక్కర్లేదు."

ఇంటికొచ్చి బావగారు కూలబడ్డాడు.

"పిల్లినడిగితే పిల్లినే చూపించండి," అంది భార్య. "మా తమ్ముడింట్లో ఉందిగా."

తమ్ముడు పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. "తీసుకుపో బావా! తిరిగిచ్చావంటే మన చుట్టరికం చెల్లు," అన్నాడు.

మర్నాడు ఆఫీసరు చూస్తుండగా పిల్లి కంచెలో దూరి, నేల గీరి, తన పని కానిచ్చుకుని మట్టి కప్పింది.

"స్వస్థలంలో ఎంత హాయిగా ఉందో!" అని ఆయన మురిసిపోయాడు. ఉద్యోగం నిలిచింది. పిల్లికి పాలు మంజూరయ్యాయి.

పిల్లి రోజూ గీరింది. నేలలో పడున్న పెసర గింజల తోలు మహా గట్టిది, గీత పడితేగాని నీరు దూరదు. దాంతో వానలకు రాయన్నది కనబడకుండా పిల్లిపెసర అల్లుకుంది. ఆఫీసరు మళ్లీ వచ్చాడు.

"ఈ కలుపేంటయ్యా? పిల్లికి అడ్డం! సాయంత్రానికల్లా పీకించెయ్."

బావగారు ఇంటికి పరిగెత్తి, తొట్టిమీది పలక తెచ్చి, గేటుకు కొట్టాడు. ఆఫీసరు కూడబలుక్కుని చదివాడు.

"పిల్లి... పెసర. ఓహో, ఇది పిల్లి తినే పెసరా! ముందే చెప్పొద్దూ? ఆకు కూడా తుంచకు."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది. పలక వెంటే వచ్చిన భార్య అంది, "బాగానే ఉంది. మరి నా తొట్టికి మూతో?"