స్పీడు పెంచిన పాట

శుక్రవారం వస్తే నాకు కొత్త రెగే ఆల్బమ్ ఏదో ఒకటి కావాలి. ఎక్కడో జమైకాలో పుట్టిన సంగీతం, నర్సీపట్నంలో ఉంటూ నాతవరం బడిలో లెక్కలు చెప్పుకునే టీచరుకి ఎందుకని మా ఆయన అడుగుతూనే ఉంటారు. నా వయసు వాళ్ళు భక్తి పాటలు వింటారట. ఆయన క్రికెట్ చూడ్డానికి వయసు ఎవరు లెక్కగట్టారో నేను అడగను. అడగనందుకు నా మీద నాకే మంట.

పాటలు వెతకడం మాటలు కాదు. ఫోన్ చూపించే పది ఆల్బముల్లో తొమ్మిది నచ్చవు. ఆ పదోది దొరికిన రోజు పొయ్యి మీద కూర మాడినా నాకు పట్టదు. మొన్న అలాంటిదే దొరికింది. గిటారు ఒక్క దెబ్బ వేసి ఊరుకుంటుంది. ఆ ఖాళీలో అడుగున గుమ్మని మోగే బేస్ తాపీగా నడుస్తుంది. కానీ నా ఇయర్‌ఫోన్స్‌లో అదంతా ఉప్పు లేని చారే. బేస్ చెవికి వినపడితే చాలదు, వీపుకి తగలాలి.

వీపుకి తగిలే చోటు నాకు తెలిసి ఒక్కటే. రోజూ నన్ను బడికి తీసుకెళ్ళే షేర్ ఆటో డ్రైవరు వెనక సీటు వెనకాల పెద్ద బేస్ పెట్టె బిగించాడు. మూడేళ్ళుగా అతని పాటలకి నా నడుం అదురుతోంది. ఒక్కసారి నా ఆల్బమ్ అందులో మొదటి నుంచి చివరిదాకా వినాలి, అంతే నా కోరిక. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాను.

మొదటి పాట మొదలైంది. బేస్ సీటులోంచి ఎముకల్లోకి వచ్చింది. నిజం చెబుతున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరు దాటామో లేదో, రోజూ మాతో వచ్చే కూరల గంప ఆవిడ, "ఏటి బాబూ, నీ పెట్టి పాడైపోనాదేటి? పాట నడవలేకపోతంది," అంది. అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వేసి పాట ఆపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పాటలకి మూడేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నదాన్ని, నాకు ఒక్క పాట పూర్తిగా దక్కదా?

మర్నాడు ఎక్కగానే అతను వెలిగిపోతున్న ముఖంతో వెనక్కి తిరిగాడు.

"మేడమ్, మీ పాటలు బాగు సేయించీసేనండి. మరీ నెమ్మదిగా ఉన్నాయి కదేటి, మొబైల్ షాపులో స్పీడు పెంచి డప్పు బీటు ఏయించేను. ఇప్పుడు ఎవులూ ఏటీ అనరు."

మీట నొక్కాడు. నా గాయకుడు పిట్టలా కీచుమంటున్నాడు. ఆ ఖాళీలన్నీ డప్పుతో నింపేశారు. కూరల గంప ఆవిడ కాలు కూడా ఊపుతోంది.

"ఆపు! నిన్నెవరు బాగుచెయ్యమన్నారు? తెలియనిదాన్ని ముట్టుకోకూడదని తెలీదా?" నేను రోజూ "బాబూ" అని పిలిచే మనిషి మీద, క్లాసులో పిల్లల మీద అరిచినట్టు అరిచాను.

కూరల గంప ఆవిడ కాలు ఊపడం ఆపేసింది. అతను పెన్‌డ్రైవ్ లాగి, నా ముఖం చూడకుండా చెయ్యి వెనక్కి చాచి ఇచ్చాడు.

"మీ పాట అందరూ ఇంటారని సేయించేనండి," అన్నాడు.

నా కోపం అప్పుడూ తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. పాట నెమ్మదిగా నడిస్తే అదేమైనా రోగమా, మందు వెయ్యడానికి? కానీ ఈ ఊళ్ళో నా పాట నలుగురూ వినాలని అనుకున్నది అతనొక్కడే. అందరి మీదా ఉన్న కోపం తీసుకెళ్ళి అతని నెత్తిన కుమ్మరించాను. ఆ సిగ్గు కూడా కోపంగానే బయటికొస్తోంది.

ఇప్పుడు నేను స్టాండులో కనపడగానే అతను పాట కట్టేస్తాడు. నాతవరం దాకా ఇంజను చప్పుడే. నిన్న కూరల గంప ఆవిడ ఉండబట్టలేక, "పాట ఎయ్యవేటి బాబూ?" అని అడిగింది.

"మేడమ్ గారు దిగినాక ఏస్తానమ్మా," అన్నాడు.