నీళ్ళు, ఎండ, మా వదిన

ఒక ఆదివారం మా మేడలో అందరూ ముక్కులు మూసుకుని తిరిగారు. కింది వాటాలో ఉండే రిటైర్డ్ గుమాస్తాగారు తమ స్నానాలగదిని అనుమానించి ప్లంబర్‌ను పిలిపించారు. అతను రెండు అంతస్తుల గొట్టాలు విప్పి చూసి, మళ్ళీ బిగించాడు. సాయంత్రానికి వాసన పోయింది. గుమాస్తాగారు అతని పనితనాన్ని పదిమందికీ చెప్పుకున్నారు. పై వాటాలో మా వదిన కరెంటు కొలిమి ఆపి, కిటికీ మూసింది. ఆమె పనిచేసే ప్రయోగశాలలో గోడలకు రంగులు వేస్తున్నారని, మూతపెట్టిన పింగాణీ గిన్నెలో యూరియాను ఇంట్లోనే కాల్చింది. ఆ ఘాటు దానిదే. గిన్నె అడుగున లేత పసుపుపచ్చ పొడి మిగిలింది.

"ఆయనకు చెప్పేయరాదూ?" అన్నాడు అన్నయ్య.

"గొట్టాలు బాగుపడ్డాయని ఎంత సంతోషంగా ఉన్నారు! పాపం, ఎందుకు చెడగొట్టడం?" అంది వదిన.

ఏళ్ళ తరబడి వదిన బతుకంతా ఆ పొడితోనే. దాన్ని పొరలు పొరలుగా విడదీస్తుంది. ఆ పొర పక్కన పెడితే తలవెంట్రుక దూలంలా ఉంటుంది. పొరల మీద ప్లాటినం నలుసులు అంటించి, గాజుపలకకు పూసి, నీళ్ళలో ముంచి ఎండలో పెడుతుంది. ఎండ తగలగానే పొడి నీటిని విడగొడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ సన్నటి బుడగలై పైకొస్తాయి. ఆ హైడ్రోజన్‌ను మండిస్తే పొగ రాదు, మిగిలేది మళ్ళీ నీళ్ళే.

ప్రయోగశాల మిద్దె మీద ఆమె పలకలు వరసగా ఉండేవి. పక్కన చిన్న బోర్డు: "నీళ్ళు, ఎండ. అంతే." వాటిని ఉంచాలో తీసేయాలో తేల్చడానికి నలుగురు పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళకు నచ్చకపోతే పలకలు దించేసి అక్కడ విరిగిన కుర్చీలు పడేస్తారు.

ముందురోజు పెద్దసారు, అంటే వదిన పైఅధికారి, మెల్లగా మాట కదిపాడు.

"కాస్త ఆల్కహాల్ కలుపుదామమ్మా. సోడాలా పొంగుతుంది. అందరూ చేసేదేగా?"

"చేస్తారు సార్. కలిపామని రాస్తారు కూడా. అప్పుడు నీళ్ళతోపాటు ఆల్కహాల్ కూడా ఖర్చవుతుంది కదా."

"రేపొక్కరోజుకే!"

"అయితే బోర్డు మార్పించండి. నీళ్ళు, ఎండ, ఆల్కహాల్ అని రాయించండి. ఇప్పుడే కలుపుతాను."

"మీకు మొండితనం బాగా ఎక్కువ."

"ఇన్నేళ్ళుగా ఈ పొడితో వేగుతున్నాను సార్. దాన్నుంచే అంటుకుంది."

ఇంటికొచ్చాక అన్నయ్య దిగులుగా, "తీసేస్తేనో?" అన్నాడు.

"తీసేసుకోనీ. నా చేత్తో అబద్ధాన్ని మాత్రం పొంగించను."

వదినకు ఎండ పడదు, తలనొప్పి వస్తుంది. ఎండతో పని పెట్టుకున్న మనిషికి ఇదేం ఖర్మో! అందుకని మరునాడు గొడుగు పట్టడానికి అన్నయ్య నన్ను తోలాడు.

నలుగురిలో ముగ్గురు మిద్దె ఎక్కగానే నెత్తిన జేబురుమాళ్ళు వేసుకుని నీళ్ళట్యాంకు నీడలో చేరారు. తెల్లజుట్టు పెద్దావిడ ఒక్కతే వచ్చి పలక ముందు గొంతుక్కూర్చుంది. వదిన పక్కన వంగి ఏదో చెబుతోంది. నేను భక్తిగా ఇంకో అడుగు ముందుకేశాను.

"అరె, బుడగలు ఆగిపోయాయే!" అంది పెద్దావిడ.

వదిన తలెత్తి చూసింది. "ఏమయ్యా మరిదీ, నీడ నాకా, పలకకా?"

చటుక్కున గొడుగు తీశాను. బుడగలు మళ్ళీ లేచాయి.

"ఏదీ, ఇంకోసారి పట్టండి బాబూ," అంది ఆవిడ. పట్టాను. ఆగాయి. తీశాను. వచ్చాయి. ఆవిడకు ఎంతకీ తనివి తీరలేదు. పెద్దసారు, ముగ్గురు పెద్దమనుషులు చూస్తుండగా, గొడుగు మూయడం తెరవడం తప్ప వేరే విద్య రానివాడిలా ఆడాను.

"నీళ్ళు వేడెక్కి వచ్చే గాలేమో అనుకున్నాను. అదైతే నీడ పడగానే ఇలా ఆగదు," అని ఆవిడ లేచి, ట్యాంకు వైపు తిరిగింది. "నా మటుకు పలకలు ఇక్కడే ఉండాలి."

నీడలోని ముగ్గురిలో ఇద్దరు, త్వరగా కిందికి దిగాలని కాబోలు, వెంటనే సరేనన్నారు. మూడో ఆయన మాత్రం మెడ సాచి విసుక్కున్నాడు.

"ఎక్కడమ్మా మీ బుడగలు? ఇక్కణ్ణుంచి ఒక్కటీ కనపడట్లేదే!"

వదిన పలక మీంచి తలెత్తలేదు.

"ఎండలోకి రండి సార్."