మా నాయనను పాలేరును చేసిన పూట

ఒక్క మాటతో కన్నతండ్రికి కొత్త కొలువిచ్చి, నా పరువు నేనే గంగలో కలుపుకున్న ఘనకార్యం చెబుతాను. నవ్వుకోండి గానీ మా ఇంట్లో మాత్రం అనకండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలం దుమ్ములో. మా గుడారంలో అందరూ కోస్తా సర్కారు జిల్లాల వాళ్లే. హెడ్ గుమాస్తా సూర్యంగారు "రండీ, కూర్చోండీ" అంటుంటే చెవుల్లో పానకం పోసినట్టుండేది. మాదేమో రాజంపేట పక్క పల్లె. ఆ సంగతి తెలిస్తే మధ్యాహ్నం వాళ్ల పంక్తిలో చోటివ్వరని భయం. అందుకని చేరిన రోజే "మాది తెనాలండీ" అనేశాను. ఇక ప్రతిదానికీ అండీ తగిలించడమే. గుడారంలో దూరిన మేకను కూడా "బయటికి దయచేయండి" అని తోలాను. ఎవరూ నవ్వలేదు. తెనాలి వాణ్ణయిపోయాననే నమ్మాను.

ఒకరోజు అందరం భోజనానికి కూర్చున్నాం. తెర తొలగించుకుని ఒకాయన లోపలికొచ్చాడు. భుజాన మూట, కాళ్ల నిండా దుమ్ము.

"ఒరే సుబ్బడా! యాడుండావురా? పొద్దున్నుంచి గుడారాలన్నీ ఎతుకుతాండా!"

మా నాయన!

"ఎవరండీ ఈయన?" అన్నారు సూర్యంగారు.

నా నాలుక తెగిపోనూ, "మా పాలేరండీ" అనేశాను.

నాయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత చేతులు కట్టుకుని, "అవు సామీ. చిన్నయ్యకు శానా ఇష్టమని అమ్మగారు ఊరిబిండి పంపిచ్చినారు" అంటూ మూట విప్పాడు. రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి వాసన గుడారమంతా కమ్ముకుంది.

సూర్యంగారు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు చెమర్చాయి.

"కారమాండీ?" అన్నాను కంగారుగా.

"కారం గాదప్పా! రాయచోటిలో మాయమ్మ గూడా అచ్చం ఇట్లే నూరుతాది. తిని శానా దినాలయింది!"

అని, నాలుక కరుచుకున్నారు. పంక్తంతా నోళ్లు తెరిచింది. నేను ఎవరిని చూసి అండీ నేర్చుకున్నానో, ఆయనా ఇంకెవరినో చూసి నేర్చుకున్న మనిషే!

నాయన గిన్నె ఆయన వైపు జరిపాడు. "ఇంకొంచెం ఏసుకో సామీ. అవునుగానీ, మీ పాలేరు ఎప్పుడొస్తాడు?"

నవ్వులకు గుడారం ఊగిపోయింది. నేను మాత్రం లేచి నాయన కాళ్ల మీద పడ్డాను. "లెయ్యిరా, బువ్వ సల్లారిపోతాది" అన్నాడాయన, నా పక్కనే కూర్చుంటూ.

ఆనాడు ఊరిబిండి గిన్నె మీద చెయ్యేసి చేసిన ప్రమాణం ఇంతవరకూ తప్పలేదు. ఎవరు అడిగినా, అడక్కపోయినా చెబుతాను: మాది రాజంపేట పక్క పల్లె. ఆ మూట మోసుకొచ్చినాయన మా నాయనండీ.