బావ గిటారుకు నేను పెట్టిన ఎకో

మా బావకు ఎకో అంటే గిట్టేది కాదు. గద్వాలలో నేను పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు పెట్టిన కొత్తలో, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, ఊళ్లో ఎకో లేనిదే ఏదీ మోగేది కాదు. పెళ్లిలో అయ్యగారి మంత్రానికి ఎకో, మీటింగులో మైకు సరిచూసేవాడి దగ్గుకు ఎకో, మల్దకల్ జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేవాడికి కూడా ఎకో. నా అన్నం దాంట్లోంచే వచ్చేది. బావ మాత్రం షాపుకొచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, గిరాకీల ముందే ముక్కు విరిచేవాడు. కూర పాడైంది కాబట్టే ఇంత మసాలా దట్టిస్తున్నావని అనేవాడు.

ఆ మాట అనడానికి ఆయనెవరని నాకు మంట. ఉప్పునుంతల దగ్గరి పల్లె ఆయనది. నాగర్‌కర్నూల్ హాస్టల్లో ఉన్నప్పుడు వార్డెన్ దగ్గర గిటారు నేర్చుకున్నాడు. డిగ్రీ సగంలో ఆగింది, గిటారు మిగిలింది. మా అక్కను చేసుకున్న ఏడాదికే వాళ్ల చేనులో బోరు ఎండిపోయి, భార్యతో సహా మా ఇంటి మేడ మీది గదికి చేరాడు. కొడుకులు లేని ఇంటికొస్తే ఇల్లటం అల్లుడంటారు, దానికొక మర్యాద ఉంటుంది. కొడుకును నేను ఇంట్లో ఉండగా వచ్చినవాడికి ఆ పేరైనా దక్కలేదు. రిసెప్షన్లకు ఆర్కెస్ట్రా వాళ్లు పిలిస్తే వెళ్లి వాయించి వచ్చేవాడు. మిగతా రోజుల్లో మా నాన్న విత్తనాల దుకాణానికి రమ్మంటే, వస్తా వస్తా అంటూ మేడ ఎక్కేవాడు.

బావామరుదుల పరాచికాలకు మా వైపు హద్దుండదు. ఆ వీలును నేను పూర్తిగా వాడుకున్నాను. అన్నాల దగ్గర, బావా, నీ గిటారు డబ్బాకు కూడా ఒక ముద్ద పెట్టాల్నా అని అడిగేవాణ్ణి. అందరూ నవ్వేవారు, బావ కూడా నవ్వేవాడు. అక్క మాత్రం నీళ్లు తెస్తానని లేచి వంటింట్లోకి పోయేది. ఎందుకు లేస్తుందో నాకు తెలుసు, తెలిసే మళ్లీ మరునాడు అడిగేవాణ్ణి.

ఒకసారి కర్నూలులో పెద్ద ఆర్కెస్ట్రా వాళ్లకు నెలజీతం మీద గిటారు వాయించే మనిషి కావాలని తెలిసింది. వాయించి సీడీ పంపితే, విని నచ్చితే పిలుస్తామన్నారు. నాన్న తన మాట చెప్పాడు. పని దొరికితే అక్కను తీసుకుని కర్నూలు పోవచ్చు, సామాన్లు తనే పంపిస్తాడు. దొరక్కపోతే గిటారు పక్కన పెట్టి దుకాణంలో కూర్చోవాలి. బావ వెంటనే ఒప్పుకున్నాడు. అంత నమ్మకం ఉండేది ఆయనకు.

రికార్డింగుకు నా దగ్గరికే రావలసి వచ్చింది. షాపు వెనక గదిలో గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉండేవి. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశాం. చెమటలు కారుతుండగా బావ ఒక కోలాటం బాణీని ఐదుసార్లు వాయించాడు. వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, "ఉన్నది ఉన్నట్టే రానియ్యి. ఏం కలపకు," అన్నాడు. బతిమాలుతున్నాడో ఆజ్ఞ వేస్తున్నాడో తెలియని గొంతుతో అన్నాడు.

ఆయన పోయాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. మొదటిసారి వాయించినదాన్ని ముట్టుకోలేదు. మైకు గిటారు కడుపుకు మరీ దగ్గరగా ఉన్నప్పటిది అది, లోపల బొంయ్ బొంయ్ అంటూ ఉండేది. ఐదోసారి వాయించినదాన్ని తీసుకుని నాకొచ్చిన పనితనమంతా దాని మీద పెట్టాను. కింది బొంగు గొంతును కోసేశాను, పైన తీగ మీద వేలు పడే చప్పుడును కొంచెం ఎత్తాను. మెల్లగా పడిన దెబ్బలను పెంచి, గట్టిగా పడినవాటిని తగ్గించి ఒక దారికి తెచ్చాను. అదే వాయింపును రెండుగా చేసి, ఒకదాన్ని వెంట్రుకవాసి వెనక్కి జరిపి, ఒకటి ఎడమ చెవిలో, ఒకటి కుడి చెవిలో పెట్టాను. మొత్తాన్ని అర స్వరం పైకి జరిపాను. చివర రివర్బ్ వేశాను, పెద్ద హాల్లో వాయించినట్టు అయింది.

అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఇంత బాగుంటుందని నేననుకోలేదు. లేనిదాన్ని ఏ ఎకో తేలేదు, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు గద్వాలలో లేడు. చెయ్యి మంచిది, అంతే. ఆ మధ్యాహ్నం నాకు బావ మీద కోపం పోవలసింది, పోలేదు.

ఆదివారం పొద్దున ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాను. రెండు సీడీలు చూపించాను. మొదటిది బావదని చెప్పాను. రెండోది హైదరాబాదులో పెద్ద చేయి తిరిగినవాడిదని, పోల్చి చూసుకోవడానికి అదే బాణీని వాయించి పంపమన్నానని చెప్పాను. అందరూ విని మెచ్చుకున్నాక, వాయించింది నువ్వే బావా, నీకు నచ్చింది నా మసాలా అని చెప్పి నవ్వాలని నా ఎత్తు.

మొదటిది వింటూ నాన్న రేకు డబ్బా కొట్టినట్టుందన్నాడు. రెండోది మొదలుకాగానే చాయ్ సాసరు కింద పెట్టాడు. అమ్మ వంటింటి గడప దాకా వచ్చి నిలబడింది. బావ లేచి స్పీకరు దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ తన వాయింపును గిటారు వెనక నుంచే విన్నాడు, ఎదుటివాడి చెవితో ఒక్కసారీ వినలేదు. మళ్లీ పెట్టమంటే పెట్టాను. ఎన్నేళ్ల సాధన అయి ఉంటుందని అడిగాడు. నవ్వు బిగపట్టుకుని ఇరవై ఏళ్లన్నాను.

"చెయ్యంటే గది," అన్నాడు బావ. "మనది ఉత్త గీకుడు."

చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. ఇంతలో నాన్న, అల్లునికి ఇన్నాళ్లకు సమజయిందని నవ్వాడు. అందరూ బావ వైపు చూశారు. తల వంచుకున్న బావ నాకు కొత్తగా కనిపించాడు, చూడటానికి బాగుంది కూడా. ఇంకొంచెం సేపు చూద్దామనుకున్నాను. అన్నాలయ్యాక చెబుదామని వాయిదా వేశాను. అన్నాలయ్యేసరికి ఆయన గిటారును పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. సీడీ పంపడం లేదని, పంపి నవ్వులపాలు కావడమెందుకని నాన్నతో చెప్పాడు. మరునాడు పొద్దున్నే వెళ్లి దుకాణం షట్టరు ఎత్తాడు.

నాకు అప్పుడు భయమేసింది. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతుంటే వెళ్లి పక్కన కూర్చుని సంగతి చెప్పబోయాను. ఆమె చేట మీంచి తల ఎత్తలేదు.

"నాకెరుకే," అంది. "ఐదేండ్ల సంది ఇంటున్న, ఆయన చెయ్యి నాకు తెల్వదా?"

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. పుట్టింట్లో నాలుగేళ్లుగా ముద్ద ముద్దకూ మాట పడటం ఎట్లుంటదో నీకేం తెలుసని అడిగింది. నేను చేసే పరాచికాలను ఒక్కొక్కటీ లెక్కగా అప్పజెప్పింది. ఒక్కటీ మరిచిపోలేదు. ఇవాళ మొదటిసారి తన మొగుడు తన కష్టం తిని మా మధ్య కూర్చోబోతున్నాడంది. "చెప్తే మల్ల గిటారు పట్టుకుంటడు. నువ్వు గిట్ల చెప్పినవనుకో, నీకూ నాకూ మాటల్లేవ్." చెప్పనని ఒట్టేశాను. తప్పు సగం ఆమె మీదికి జారినందుకు లోలోపల హాయిగా అనిపించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఏడేళ్లు గడిచాయి. నాన్నకు మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉండిపోతే దుకాణం బావ చేతికి వచ్చింది. వనపర్తి నుంచి కూడా రైతులు పత్తి విత్తనాలకు ఆయన దగ్గరికే వచ్చేవారు. బావ మాటంటే మాటే అన్న పేరొచ్చింది. వాళ్లు వేరే ఇల్లు కట్టుకున్నారు. నా షాపు మాత్రం ఎండిపోయింది. కొత్త కెమెరాలతో, కొత్త మిషన్లతో హైదరాబాదు వాళ్లు వచ్చి పెళ్లిళ్లన్నీ పట్టుకుపోయారు.

ఒకరోజు దుకాణం నిండా రైతులుండగా బావ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "పరేషాన్ గాకు. నువ్వు గూడ ఈడనే కూసో, జీతమిస్త," అన్నాడు. ఆ మాటలో వెటకారం ఇసుమంత లేదు. ఒకప్పుడు నేను ఆయనను అన్న మాటల్లో ఒక్కటైనా తిరిగి ఇచ్చి ఉంటే ఊరుకునేవాణ్ణేమో. మంచిగా అన్నాడు, అది తట్టుకోలేకపోయాను.

మరునాడే పాత ఫైళ్లు వెతికి సీడీ చేసుకుని, చిన్న ప్లేయరు, హెడ్‌ఫోన్ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. ఆ హైదరాబాదు మనిషి లేడని, రెండూ ఆయనవేనని చెప్పాను. తనను సంతోషపెట్టడానికి చెబుతున్నాననుకుని బావ నవ్వాడు. హెడ్‌ఫోన్ ఆయన చెవులకు నేనే పెట్టాను. సగం దాకా నవ్వుతూనే విన్నాడు. తర్వాత చెయ్యెత్తి వెనక్కి తిప్పమన్నాడు. నాలుగుసార్లు అదే చోట విన్నాడు.

"ఈడ చిటికెనవేలు జారింది," అన్నాడు. "గిది నాదే."

ఎందుకు చేశావని అడుగుతాడనుకున్నాను. తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను, దేనికైనా జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన అడిగింది వేరే.

"మీ అక్కకు ఎరుకనా?"

తెల్వదు అంటే సరిపోయేది. ఏడేళ్ల ఒట్టు కూడా నిలిచేది. ఆయన మొహంలో కోపం లేకపోవడం నాకు నచ్చలేదు, అంతే.

"ఆ దినమే ఎరుక," అన్నాను.

బావ హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టి నా చేతికిచ్చాడు. ఎదురుగా నిలబడ్డ రైతును ఎన్ని ప్యాకెట్లు కావాలని అడిగాడు.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "కోపం జేస్తే కొట్లాడుదు. జేస్తలేడు రా. బువ్వ పెడితే తింటుండు, ఏమడిగినా సరే అంటుండు. నా మొకం చూస్తలేడు. నువ్వేమన్న చెప్పినవా?"

నేనేం చెప్పలేదన్నాను. అక్క నమ్మింది. ఆయననే అడిగి చూడమని సలహా కూడా ఇచ్చాను. ఆయన చెప్పడని నాకు తెలుసు.