ఓబులమ్మ నెత్తిన నిప్పులు

జమ్మలమడుగులో మార్తమ్మ కొళాయి కాడికి వస్తే బిందెలు వాటంతటవే పక్కకు జరిగేవి. బాప్తిస్మం తీసుకున్నాక నోరు అదుపులో పెట్టుకుంది గానీ, చేతులు మాత్రం ఇంకా కొంగు బిగిస్తానే ఉంటాయి. మొన్న ఎదురింటి ఓబులమ్మ ఆమె బిందెను కాలవలోకి తన్నింది. మార్తమ్మ పళ్ళు కొరుక్కుంటా పాస్టరయ్య కాడికి పోయింది. "శత్రువుకు అన్నం పెట్టమ్మా. తల మీద నిప్పులు పోసినట్టేనని వాక్యంలో ఉంది" అన్నాడాయన. అర్థం చెప్పేలోపే ఆమె లేచొచ్చేసింది.

ఆ పొద్దు నుంచి రోజూ నెయ్యేసిన వేడి సంగటి, ఊరిబిండి పచ్చడి ఓబులమ్మకు తీసకపోతాంది. ఆమె తింటున్నంతసేపూ నడినెత్తికేసి చూస్తా కూర్చుంటుంది. "తల ఏమన్నా సుర్రుమంటాందా మే?" "లేదక్కా." "అయితే ఇంకో ముద్ద తిను." పదకొండో రోజు ఓబులమ్మ మంచం దిగలేదు. మార్తమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే కాలిపోతాంది.  సంగటి గిన్నె పక్కన పెట్టి, పొద్దుగూకేదాకా తడిగుడ్డ మారుస్తా గొణుగుతానే ఉండింది. "చాలు ప్రభువా, బిందే గదా తన్నింది. ఇంక ఆర్పెయ్."