పన్నెండు నిమిషాల లాప్‌టాప్

డ్యూటీ అక్క ఇంట్లో ఉన్న లాప్‌టాప్ తెరుచుకోవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఇది నోటికొచ్చిన లెక్క కాదు, గోడ గడియారం సాక్షి. బటన్ నొక్కి వెళ్లి తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని వచ్చినా తెర మీద ఆ గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంటుందని ఆమె కూతురు ఒట్టేసి మరీ చెబుతుంది. లోపలి ఫ్యాను మోతకైతే పక్క వాటా వాళ్లు ఒకసారి తలుపు కొట్టి, "ఇంత పొద్దున్నే మిక్సీ ఏంటండీ" అని అడిగి వెళ్లారు. మూత కీలు ఎప్పుడో విరిగిపోయింది. తెర నిలబడాలంటే వెనకాల పంచదార డబ్బా ఆనించాలి. డబ్బాలో పంచదార అడుగంటిన రోజు బరువు చాలక తెర వెల్లకిలా పడేది. అందుకే ఆ ఇంట్లో ఏది నిండుకున్నా పంచదార మాత్రం నిండుకోదు.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద ఒక్కచోటే ఉంది. మిగతా లోకానికి ఆమె డ్యూటీ అక్క. బిల్డింగులకు సెక్యూరిటీ గార్డులను పంపే ఒక ఏజెన్సీలో పని. పదకొండు బిల్డింగులు, అరవై నలుగురు గార్డులు. ఎవరు ఏ గేటులో ఏ పూట నిలబడాలో చార్టు వేసి, రోజూ పొద్దున ఆరున్నరకల్లా అందరి ఫోన్లకీ పంపించాలి. అంతకుముందు ఆమె కూడా గార్డే. ఆడపిల్లల హాస్టలు గేటులో పదమూడేళ్లు నిలబడింది. మోకాళ్లు అరిగాక ఓనరు దయతలచి ఇంట్లోనే కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చుని తొమ్మిదేళ్లయింది. నిలబడితే అలసటా, కూర్చుంటే అలసటా అని ఎవరైనా అడిగితే, "పడుకుని చూశాక చెబుతా" అంటుంది.

ఐదుంబావుకి లేస్తుంది. ముఖం మీద నీళ్లు చల్లుకోకముందే ఫోన్లు మొదలు. ఒకడికి జ్వరం, ఒకడి బండికి పంక్చరు, ఒకడి అత్తగారికి కాలు విరిగింది. ఆ అత్తగారికి ఈ ఒక్క ఏడాదిలో విరిగిన కాళ్లు లెక్కపెడితే ఆవిడ మనిషి కాదు, జెర్రి. అందరికీ కావలసింది సెలవే. సెలవిస్తే ఆ గేటుకి ఇంకో మనిషిని వెతకాలి. ఆ మనిషి పొద్దున్నే ఫోనెత్తడు. కాబట్టి డ్యూటీ అక్క దగ్గర అందరికీ ఒకటే జవాబు ఉంది.

"సిస్టం ఓపెన్ అవుతోంది. అయ్యాక చూసి చెబుతా."

ఈ మాటకున్న బలం మంత్రుల మాటకు కూడా ఉండదు. మనిషినైతే బతిమాలొచ్చు, దబాయించొచ్చు, పిల్లల మీద ఒట్టేయించుకోవచ్చు. తిరుగుతున్న గుండ్రాన్ని ఎవడేం చేస్తాడు? "సరే అక్కా" అని పెట్టేసేవాళ్లు. పన్నెండు నిమిషాలు గడిచేసరికి సగం గొడవలు వాటంతటవే చల్లారేవి. పంక్చరువాడికి తమ్ముడి సైకిలు దొరికేది. అత్తగారి కాలు అతుక్కునేది.

ఆ పన్నెండు నిమిషాలూ ఆమె కాళ్లు స్టూలు మీద చాపుకుని, భర్త పెట్టిచ్చిన టీ తాగేది. ఆయన పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా ప్రయాణం చేసి ఎక్కడికీ వెళ్లని మనిషి. ఆరింటికి బయల్దేరితే మళ్లీ రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాడు. అప్పటికి ఇద్దరికీ నోరు పెగలదు. కాబట్టి వాళ్ల కాపురమంతా ఆ గుండ్రం తిరిగేంతసేపే. కూతురు ఏం చదవాలి, ఆయన బీపీ మాత్ర మార్చాలా, ఇల్లు మారదామా వద్దా, అన్నీ పన్నెండేసి నిమిషాల ముక్కల్లోనే తేలాయి. ఇల్లు మారొద్దని తేలడానికి ఇరవై మూడు పొద్దులు పట్టింది.

ఇదంతా ఒక సోఫా వల్ల చెడింది.

కిందటి నెల ఒక సోమవారం లాప్‌టాప్ మధ్యలో బిగుసుకుపోయి, చార్టులో సగం కొత్తది, సగం ముందురోజుది కలిసి వెళ్లిపోయాయి. ఒక గేటుకి ముగ్గురు గార్డులు వచ్చారు. ఇంకో గేటుకి ఎవరూ రాలేదు. ముగ్గురూ అక్కడ లోకాభిరామాయణం చెప్పుకుంటుంటే, ఇక్కడ కాపలా లేని బిల్డింగులోంచి ఒక సోఫా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ముగ్గురు కూర్చునే సోఫా, పట్టపగలు. మోస్తున్నవాళ్లకు ఆయాసం వచ్చి గేటు ఎదురుగానే దాన్ని దించి, దానిమీదే కూర్చుని సేదతీరడం కెమెరాలో పడింది. ఆ వీడియో చూసి ఏజెన్సీలో అందరికీ ఒళ్లు మండింది. డ్యూటీ అక్కకు మాత్రం, ఎంత హాయిగా కూర్చున్నారో అనిపించింది.

ఓనరు ఫోన్ చేశాడు.

"చూడమ్మా, నెలాఖరుకల్లా మంచి లాప్‌టాప్ ఒకటి చూసుకో. కొత్తదే కొనమనను, సెకండ్‌హ్యాండ్‌దైనా పర్లేదు. నొక్కితే టక్కున తెరుచుకోవాలి. లేదంటే చార్టు ఇంకెవరికన్నా అప్పజెప్తా, నువ్వు మళ్లీ గేటుకి వెళ్దువుగాని."

"మోకాళ్లు, సార్."

"అందుకేగా ముందే చెప్తున్నా. ఆ, ఇంకోటి. అది వచ్చాక ఆ కొత్త బిల్డింగులు రెండూ కూడా నువ్వే చూడు. ఎలాగూ టైం మిగుల్తుంది."

మిగిలే టైం ఎవరిదని ఆయన అడగలేదు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు అందిస్తూ భర్త అడిగాడు. "కొనక తప్పదంటావా?"

"గేటుకి పొమ్మంటున్నాడు."

"అయితే కొనేయ్."

"కొంటే ఇది ఉండదు."

"ఏది, ఈ డొక్కా?"

"ఇది" అంటూ ఆమె టీ గ్లాసునీ, స్టూలునీ, ఆయన కూర్చున్న పీటనీ కలిపి చేత్తో ఒక చుట్టు చుట్టింది.

ఆయన కాసేపు గుండ్రాన్ని చూశాడు. "మా ఆసుపత్రిలో కొత్త లిఫ్టు వేసినప్పుడూ ఇంతే. పాతది నాలుగో అంతస్తుకి చేరేలోపు ఎవరికి ఏ రోగమో, ఎవరు ఎవరితో మాట్లాడట్లేదో అంతా తెలిసిపోయేది. ఇప్పుడు 'ఎక్కడికండీ' అనేలోపే దిగిపోతున్నారు" అన్నాడు. ఇంకేదో అనబోయాడు గానీ ఈలోపు తెర వెలిగింది. మిగతాది రేపటికి.

ఆదివారం మధ్యాహ్నం కూతురు డొక్కును గుడ్డసంచిలో వేసుకుని, ఆమెను ఒక పాత లాప్‌టాప్‌ల కొట్టుకి తీసుకెళ్లింది. మెట్ల కింద గది. మూడువైపులా గోడల అరల్లో లాప్‌టాప్‌లు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. కొట్టతను కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, స్క్రూడ్రైవరుతో వీపు గోక్కుంటున్నాడు. వీళ్లను చూడగానే ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది చూడక్కా. ఒక్కచేతి మీద నడిచిన సరుకు. లెక్చరర్ గారు వాడారు. వారానికొక్కసారి తెరిచేవారు, అదీ తుడవడానికి."

"మరి బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయేంటి అంకుల్?" అంది కూతురు.

"గట్టిగా తుడిచేవారమ్మా."

పదమూడేళ్లు గేటులో నిలబడ్డ మనిషి చెప్పింది నమ్మదు, సంచి తెరిపించి చూస్తుంది. డ్యూటీ అక్క మూతను పదిసార్లు ఎత్తి దించింది. ఛార్జరు వైరు పీకించి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూస్తూ కూర్చుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, అరవై నాలుగు పేర్లున్న చార్టు తెరిచి, మర్నాటి డ్యూటీలన్నీ ఆ కొట్లోనే వేసేసింది. ఎక్కడా బిగుసుకోలేదు. వంకపెట్టడానికి ఏమీ దొరక్క ఆమె ముఖం ఇంకాస్త వాడిపోయింది.

"ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చెయ్యి నాయనా" అంది.

అతను బటన్ నొక్కాడు. ఆమె భుజాన ఉన్న సంచి దించి, ఊపిరి పీల్చుకుని, కాళ్లు చాపుకునేలోపే తెర వెలిగింది. కూతురు ఫోన్లో చూసింది. తొమ్మిది సెకన్లు.

"ఇంకోసారి."

తొమ్మిదే. నాలుగుసార్లు చేయించింది. ప్రతిసారీ కొట్టతని ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఐదోసారి కూడా చేయిస్తే చొక్కా గుండీ తెగి లాప్‌టాప్ తెరకు తగిలేదే.

"ఇంతకంటే నిదానంగా తెరుచుకునేది లేదా?" అంది డ్యూటీ అక్క.

కొట్టతని కళ్లద్దాలు ఎవరూ ముట్టుకోకుండానే నుదుటి మీంచి ముక్కు మీదికి దిగాయి.

"నిదానంగానా?"

"మరీ పన్నెండు నిమిషాలు అక్కర్లేదు. ఏడెనిమిది చాలు."

"అక్కా, ఇరవై ఏళ్లుగా ఈ కొట్లో కూర్చుంటున్నా. పగిలిన తెర చాలన్నవాళ్లున్నారు, పెళ్లిచూపుల్లో బల్ల మీద పెట్టుకోడానికి ఒక్కపూట అద్దెకిమ్మన్నవాళ్లున్నారు. నిదానంది అడిగింది మీరొక్కరే. అంతగా కావాలంటే ఇదే తీసుకెళ్లి నాలుగేళ్లు వాడండి, అదే నిదానిస్తుంది."

"నాలుగేళ్లు ఆగలేను" అంది ఆమె. నవ్వలేదు.

కూతురు చెవి దగ్గరికొచ్చింది. "పరువు తీయకమ్మా. తెరుచుకున్నా తెరుచుకోలేదని చెప్పు, సరిపోతుంది. ఫోన్లో ఎవరు చూడొచ్చారు?"

"గార్డులతోనా? వాళ్లు రోజంతా వినేదే అబద్ధాలు. మూడో అంతస్తులో మా పిన్ని ఉందనేవాడొకడు, రెండు నిమిషాల్లో వచ్చేస్తాననేవాడొకడు. గొంతు వింటే పట్టేస్తారు. ఒక్కసారి దొరికానా, ఇక నా చార్టుకి ఎవడూ విలువివ్వడు."

తొమ్మిదేళ్లలో ఆమె వాళ్లతో ఒక్క అబద్ధమూ ఆడలేదు. మంచితనం వల్ల అనుకుంటే పొరపాటు. ఆడితే గుర్తుపెట్టుకోవాలి, అంత ఓపిక లేదు.

"పాతది తెచ్చారుగా, చూపించండి. మార్చుకుంటే దీని ధరలో తగ్గిస్తా" అన్నాడు కొట్టతను. కూతురు గుడ్డసంచిలోంచి డొక్కును తీసి బల్ల మీద పెట్టింది. పంచదార డబ్బా లేక తెర వెల్లకిలా పడింది. అతను దాన్ని గోడకు ఆనించి బటన్ నొక్కాడు. ఫ్యాను రంకె వేసింది. గుండ్రం తిరగడం మొదలుపెట్టింది.

మొదటి నిమిషం అతను బల్ల మీద వేళ్లతో తాళం వేశాడు. రెండో నిమిషం గడియారం చూశాడు. మూడో నిమిషంలో "కూర్చోండక్కా" అని ఆమెకో స్టూలు జరిపి, తనూ కూర్చున్నాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి కూర్చోవడమట. ఐదో నిమిషంలో నడుంనొప్పి సంగతి ఎత్తాడు. ఏడో నిమిషానికి, తన పెద్దవాడు మూడు నెలలుగా తనతో మాట్లాడడం లేదని చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు. విన్నది. ఈలోపు ఛార్జరు కోసం ఎవరో వస్తే, "ఉండండి, సిస్టం ఓపెన్ అవుతోంది" అన్నాడు. వచ్చినవాడు కూడా నోరెత్తకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పదో నిమిషంలో కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఇవాళే ఫోన్ చేస్తాలే వాడికి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

పన్నెండో నిమిషంలో తెర వెలిగింది. కొట్టతను ఉలిక్కిపడి లేచాడు.

"ఇందులో ఏం లేదక్కా. తుక్కు కింద తీసుకుంటా. అయినా మీకోసం కొంచెం ఎక్కువే వేస్తాలే."

డ్యూటీ అక్క డొక్కు మూత దించి సంచిలో పెట్టుకుంది. "ఇది ఇవ్వను. లెక్చరర్ గారిదానికి నువ్వన్న ధరే వేసుకో."

"తుక్కమ్మా అది. ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తావ్?" అంది కూతురు.

"తెరుస్తా."

మర్నాడు ఐదుంబావుకి బల్ల మీద ఎడమపక్క లెక్చరర్ గారిది మూత వేసి ఉంది. కుడిపక్క డొక్కు, దాని వెనక పంచదార డబ్బా. ఆమె డొక్కు బటన్ నొక్కి, కాళ్లు స్టూలు మీద చాపింది. ఫ్యాను మొదలైంది. ఫోన్ మోగింది. అందరికంటే పెద్ద గార్డు, మీసాల బాబాయ్.

"తల్లీ, నడుము పట్టేసింది. ఇవాళ్టికి వదిలేయ్."

"సిస్టం ఓపెన్ అవుతోంది బాబాయ్. అయ్యాక చూస్తా."

"కొత్తది కొన్నావటగా?"

"కొన్నా."

"మరి ఆ మోతేంటి?"

"పాతది. అదే ఓపెన్ అవుతోంది."

ముప్ఫై ఏళ్లు గేటులో నిలబడ్డ చెవి అది. ఆ మాటను అటు తిప్పింది, ఇటు తిప్పింది. అబద్ధం ఎక్కడా దొరకలేదు. "సరేలే. ఈలోపు వేడినీళ్ల కాపడం పెట్టి చూస్తా" అని పెట్టేశాడు.

వెంటనే ఓనరు. "ఏమ్మా, ఆ రెండు బిల్డింగుల సంగతి..."

"సిస్టం ఓపెన్ అవుతోంది సార్."

"ఓహో, సరే సరే" అన్నాడు ఆయన, అలవాటుగా.

భర్త టీ తెచ్చి పీట మీద కూర్చున్నాడు. గుండ్రాన్ని చూశాడు, పక్కన మూత వేసి ఉన్నదాన్ని చూశాడు. టీ సగం అయ్యాక, "ఇదీ ఎన్నాళ్లో ఉండదు" అన్నాడు.

"తెలుసు."

"ఇంకా ఎంతసేపుంది?"

"తొమ్మిది నిమిషాలు" అంటూ ఆమె చెయ్యి చాపి డబ్బాను కాస్త ఊపి చూసింది. లోపల గలగల తేలిగ్గా వినిపించింది. "సాయంత్రం వచ్చేటప్పుడు పంచదార తీసుకురండి" అని కళ్లు మూసుకుంది.