గడులు కలిపిన పట్టిక

ఆ ఆసుపత్రి విచారణ కౌంటర్లో ఫోన్ ఎత్తే ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు. పుట్టుకతోనే చూపు లేదు. ఏ డాక్టరు ఏ రోజు ఉంటారో తెలిపే పట్టిక కంప్యూటర్లో ఉంటుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు ఆమె చెవిలో ఉంటుంది. బాణం మీటలు నొక్కుతూ ఆమె గడి నుంచి గడికి నడుస్తుంది. మొదట వారం పేరో విభాగం పేరో వినబడి, వెనకే డాక్టరు వచ్చే వేళ వినబడుతుంది. ఆ గొంతు వేగం పక్కవాళ్ళు వింటే రేడియో పాడైందనుకుంటారు. అడిగేవాళ్ళ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పడం, ఇంకా నసిగితే విసుక్కోవడం ఆమె అలవాటు. వినయం ఆమె ఉద్యోగ విధుల్లో లేదు.

కొత్తగా వచ్చిన పరిపాలనాధికారికి సౌందర్యదృష్టి ఎక్కువ. పక్కపక్క గడుల్లో ఒకే వేళ రెండుసార్లు ఉండటం ఆయనకు కంట్లో నలుసైంది. అలాంటి గడులన్నీ కలిపేసి రంగులద్దించారు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. వినవలసిన మనిషి ఒక్కతే కనుక ఆమె అభిప్రాయం సేకరించలేదు. కలిపిన గడి దాటాక వరుస పక్కకు జారి, బుధవారం వేళ ఆమెకు మంగళవారం కింద వినబడింది. ఫలితంగా ఒక గుండె రోగి మంగళవారం వచ్చి, తాళం వేసిన గదిని దర్శించుకుని, ఫిర్యాదు రాసి వెళ్ళాడు.

అధికారి ఆమెను పిలిపించారు. "మీ ఇబ్బంది నాకు అర్థమైందమ్మా. గుమ్మం దగ్గర కుర్చీ వేయిస్తాను. వచ్చేవాళ్ళకి నమస్కారం పెడుతూ హాయిగా కూర్చోండి."

"నాకు ఫోన్ పనే కావాలి సార్. ఆ గడులు విడదీయించండి, చాలు."

"అంత అందమైన పట్టికనా!" ఆయన నొచ్చుకున్నారు. వెంటనే జాలిపడ్డారు కూడా. "పోనీ, పెద్ద పెద్ద అక్షరాలతో చేయిస్తాను. అప్పుడూ తప్పు చెప్పారో, ఇక గుమ్మమే."

మర్నాటికి పట్టిక సిద్ధమైంది. పసుపు రంగు మీద అరచేతంత అక్షరాలు. ఎవరూ చెరపకుండా దాన్ని మొత్తంగా ఒక బొమ్మగా మార్పించారు. బొమ్మలోని అక్షరాలు ఆ గొంతుకు అందవు. ఆమె బాణం మీట నొక్కింది. "గ్రాఫిక్" అంది గొంతు. మళ్ళీ నొక్కింది. "గ్రాఫిక్."

"నేను చదివి చెబుతాలే అక్కా," అంది పక్క సీటు టైపిస్టు.

"ఎన్నాళ్ళు చదువుతావే? నేను తప్పు చెప్పకూడదు, అంతేగా? అసలు చెప్పనే చెప్పను."

ఆ క్షణం నుంచి వచ్చిన ప్రతి ఫోన్‌నూ ఆమె ఎంతో మర్యాదగా అధికారి గదికి కలిపింది. "పట్టిక చేయించినవారే చెబుతారండి, లైన్లో ఉండండి." చర్మం, చెవి, పంటి నొప్పి, పురుడు, అన్నీ ఆయన గదికే ప్రవహించాయి. ఇంతలో ఆమె అత్తగారు ఫోన్ చేసింది.

"ఏమే, నా మోకాళ్ళ డాక్టరు ఎప్పుడొస్తాడు?"

"మా సార్ చెబుతారు అత్తయ్యా. తీరిగ్గా అడగండి."

అత్తగారు తీరిగ్గానే అడిగింది. మోకాళ్ళ నుంచి నడుముకు, నడుము నుంచి పెద్దకొడుకు నిర్లక్ష్యానికి వెళ్ళింది. కాసేపటికి అధికారి రిసీవర్‌ను బల్ల మీదే వదిలేసి, చెమటలు కక్కుతూ కౌంటర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"ఎవరమ్మా ఆవిడ! ఊపిరి తీసుకోదా?"

"మా అత్తగారు సార్."

"ఆవిడ గొడవంతా నాకెందుకు?"

"పట్టిక మీదే కదా సార్."

ఆయన టైపిస్టు వైపు తిరిగి, ఫోన్ కౌంటరు వరకు నిరాడంబరత పాటించాలని తాను ముందే నిర్ణయించినట్టు గంభీరంగా ప్రకటించారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, రంగుల్లేని, కలపని గడుల పాత పట్టికను తెర మీదికి తెచ్చింది.

"మరి గుమ్మం దగ్గర కుర్చీ?" అంది అక్క.

"మీరిక్కడే ఉండండి మహాతల్లీ! ఆ ఫోన్లు మాత్రం నా గదికి పంపకండి."

ఆమె బాణం మీట నొక్కింది. ఎముకలు. గురువారం. పది గంటలు. అప్పుడు అత్తగారి లైన్ వెనక్కి తీసుకుంది.

"అత్తయ్యా, మీ డాక్టరు గురువారం పదింటికొస్తారు. ఇక సార్‌ని వదిలేయండి."

"ఉండవే, మధ్యలో దూరకు," అంది అత్తగారు. "ఇందాకట్నుంచీ ఆయన కిక్కురుమనకుండా ఎంత ఓపిగ్గా వింటున్నాడో!"